టెక్సస్‌లో ఇంట్లో నుంచి చీరలు అమ్మడానికి సేల్స్ ట్యాక్స్ పర్మిట్ కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. ఎనిమిది నెలలుగా ఇంట్లోనే చీరలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతున్నారు. ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లో, కొంచెం ఇన్‌స్టాగ్రామ్‌లో. దీపావళి మేళాలో స్టాల్ అడిగితే నిర్వాహకులు పర్మిట్ నంబరు రాయమన్నారు. న్యూజెర్సీలో హోల్‌సేల్ ఆయన రీసేల్ సర్టిఫికెట్ పంపితేనే ట్యాక్స్ లేకుండా సరుకు ఇస్తానన్నారు. ఎల్ఎల్‌సీ (సొంత ఆస్తిని వ్యాపార అప్పుల నుంచి విడిగా ఉంచే కంపెనీ) కూడా లేని ఇంత చిన్న వ్యాపారానికి పర్మిట్ కావాలా, తీసుకుంటే లేనిపోని ఇబ్బందుల్లో పడతానా అని మీ టెన్షన్. కాలిఫోర్నియాలో ఉన్న మీ స్నేహితురాలు షిప్పింగ్ మీద ట్యాక్స్ వేయక్కర్లేదన్నారని కూడా రాశారు.

జవాబు ముందే చెప్తాను. పర్మిట్ కావాలి. మొదటి చీర అమ్మకానికి పెట్టినప్పటి నుంచే కావాలి. టెక్సస్‌లో దానికి ఫీజు లేదు. ఎల్ఎల్‌సీ అవసరం లేదు, మీ సొంత పేరు మీదే తీసుకోవచ్చు. తీసుకున్నందువల్ల ఎవరూ ఇబ్బంది పడరు. తీసుకుని, గడువులు మర్చిపోయి, ఉత్తరాలు విప్పకుండా పక్కన పెట్టినవాళ్ళే ఇబ్బంది పడతారు. ఒక్క మాట మాత్రం: ఈ రాత్రికే ఆన్‌లైన్‌లో అప్లికేషన్ నింపేయకండి. గడిచిన ఎనిమిది నెలల సంగతి కింద రాశాను, అది చదివాక నింపండి.

నేను డాలస్ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి పదిహేడేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. కిరాణా షాపులు, బ్యూటీ పార్లర్లు, కేటరింగ్ చేసేవాళ్ళు, మీలా ఇంటి నుంచి అమ్మేవాళ్ళు. నాకు బాగా తెలిసింది టెక్సస్ కాబట్టి టెక్సస్ సంగతే రాస్తాను. ఈ పన్ను ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్న మీ స్నేహితురాలు చెప్పింది అక్కడికి కరెక్టే అయినా ఇక్కడ తప్పు కావచ్చు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు జీఎస్టీని మర్చిపోవాలి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వానికి అమ్మకం పన్ను లేదు. ఇన్‌కం ట్యాక్స్ చూసే ఐఆర్ఎస్‌కి దీంతో సంబంధం లేదు. 45 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఎవరి పన్ను వాళ్ళు వేసుకుంటాయి. ఆరెగాన్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, డెలావేర్, అలాస్కాల్లో రాష్ట్రస్థాయి అమ్మకం పన్ను లేదు. అలాస్కాలో ఊళ్ళు మాత్రం వేసుకుంటాయి. వసూలు చేసే ఆఫీసు పేరూ మారుతుంది. కాలిఫోర్నియాలో 2017 నుంచి సీడీటీఎఫ్ఏ అనే పన్నుల శాఖ చూస్తోంది, పర్మిట్‌ని సెల్లర్స్ పర్మిట్ అంటారు. మన దగ్గర ఆస్టిన్‌లోని కంప్ట్రోలర్ ఆఫ్ పబ్లిక్ అకౌంట్స్ చూస్తుంది, ఇక్కడ పేరు సేల్స్ ట్యాక్స్ పర్మిట్. టెక్సస్ రాష్ట్రం రేటు 6.25 శాతం. దాని మీద సిటీ, కౌంటీ, ట్రాన్సిట్ లాంటివి కలిపి 2 శాతం దాకా వేసుకోవచ్చు. అందుకే డాలస్ చుట్టూ చాలా ఊళ్ళలో బిల్లు మీద 8.25 కనిపిస్తుంది. టెక్సస్‌లో ఎక్కడా అంతకు మించదు.

5 లక్షల డాలర్ల మాట మీకు వర్తించదు. ఇది నా దగ్గరికి నెలకి ఒక్కసారైనా వచ్చే అపోహ. ఎవరో గ్రూపులో "5 లక్షల డాలర్లు దాటేదాకా ట్యాక్స్ అక్కర్లేదు" అని పెడతారు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ పరిమితి టెక్సస్‌లో ఇల్లూ వాకిలీ లేకుండా బయటి రాష్ట్రం నుంచి ఇక్కడికి అమ్మేవాళ్ళది. మీరు ఫ్రిస్కోలో కూర్చుని అమ్ముతున్నారు. మీకు ఏ పరిమితీ లేదు. మినహాయింపు ఉన్నది నిజంగా ఎప్పుడో ఒకసారి అమ్మేవాళ్ళకి. పన్నెండు నెలల్లో రెండుసార్లకు మించకుండా అమ్మినా, మీరు సొంతానికి కొనుక్కుని కట్టుకున్న పాత చీరలు ఏడాదికి 3,000 డాలర్ల లోపు అమ్ముకున్నా పర్మిట్ అడగరు. అమ్మడానికే సరుకు తెప్పించుకుంటున్నారంటే మీరు ఆ లెక్కలోకి రారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మీరు 120 డాలర్ల చీర అమ్మి 9 డాలర్ల 90 సెంట్లు ట్యాక్స్ తీసుకున్నారనుకోండి. ఆ 9.90 ఒక్క రోజు కూడా మీది కాదు. టెక్సస్ చట్టం ప్రకారం అది రాష్ట్రం సొమ్ము. గడువు దాకా మీ దగ్గర దాచమని ఇచ్చినట్టే. అందుకే ఈ బాకీ మిగతా బాకీల్లాంటిది కాదు. వసూలు చేసి కట్టకపోతే ఎల్ఎల్‌సీ ఉన్నా అది అడ్డుపడదు, డబ్బు చూసుకునే మనిషి మీదకే నేరుగా వస్తారు. మొత్తాన్ని బట్టి క్రిమినల్ కేసు దాకా కూడా వెళ్తుంది. నేను చూసిన షాపుల్లో మూతపడ్డవి చాలావరకు ఇక్కడే జారాయి. అద్దెకి తక్కువైంది, జీతాలకి తక్కువైంది, బ్యాంకులో ఉన్న ట్యాక్స్ డబ్బు వాడేశారు, వచ్చే నెల సర్దుదామనుకున్నారు. వచ్చే నెల కూడా అంతే. కాబట్టి పర్మిట్ వచ్చిన రోజే ఇంకో బ్యాంకు ఖాతా తెరవండి. వారానికి ఒకసారి ట్యాక్స్ మొత్తాన్ని దాంట్లోకి పంపేయండి. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరితో ముందు ఈ పని చేయిస్తాను.

ట్యాక్స్ వసూలు చేయకపోతే ఏమవుతుందని అడుగుతారు. "క్యాష్ ఇస్తా అక్కా, ట్యాక్స్ వద్దులే" అనే కస్టమర్లు మీకూ తగిలే ఉంటారు. వాళ్ళు ఇవ్వకపోయినా రాష్ట్రానికి కట్టాల్సింది మీరే. జెల్, వెన్మో లాంటి డబ్బు పంపే యాప్‌లలో ఇచ్చినా, నోట్లిచ్చినా తేడా లేదు. మీ లాభంలోంచి 8.25 శాతం పోతుంది. ఒకరికి వదిలేస్తే ఆ మాట గ్రూపంతా పాకుతుంది, తర్వాత ఎవరి దగ్గరా అడగలేరు. మొహమాటంగా ఉంటే చీర మీద రేటే ట్యాక్స్‌తో కలిపి పెట్టుకోండి. అప్పుడు బిల్లు మీద, స్టాల్ బోర్డు మీద ధరలో ట్యాక్స్ కలిసే ఉందని స్పష్టంగా రాయాలి. రాయకపోతే మీరు తీసుకున్నదంతా ధర కిందే లెక్కేసి దానిమీద మళ్ళీ ట్యాక్స్ అడుగుతారు.

రీసేల్ సర్టిఫికెట్

న్యూజెర్సీ ఆయన అడిగింది సబబే. ఇండియాలో జీఎస్టీ అయితే కొన్నప్పుడు కడతాం, అమ్మినప్పుడు వసూలు చేస్తాం, కట్టింది తగ్గించుకుంటాం. ఇక్కడ ఆ గొలుసు లేదు. చివర్లో చీర కట్టుకునే మనిషి ఒక్కసారే ట్యాక్స్ కడుతుంది, మధ్యలో ఉన్నవాళ్ళు కట్టరు. మీరు మధ్యలో ఉన్న మనిషే అని హోల్‌సేల్ ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆ మాట మీరు సంతకం పెట్టి ఇచ్చే కాగితమే రీసేల్ సర్టిఫికెట్. టెక్సస్‌లో ఆ ఫారం నంబరు 01-339. దాన్ని ఏ ఆఫీసుకీ పంపక్కర్లేదు. మీ పర్మిట్ మీద ఉండే 11 అంకెల నంబరు వేసి, ఏం సరుకు కొంటున్నారో రాసి, సంతకం పెట్టి ఆయనకి ఇస్తారు, ఆయన ఫైల్లో పెట్టుకుంటారు. పర్మిట్ జిరాక్స్ ఇచ్చేస్తే చాలదు, ఈ ఫారం ఉండాలి.

మా నాన్నగారు గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తాగా లెక్కలు రాసేవారు. బయటి రాష్ట్రాల పార్టీలు సి ఫారాలు (తక్కువ రేటు పన్నుకి సాక్ష్యంగా కొన్నవాళ్ళు పంపే కాగితాలు) పంపేదాకా ఆయనకి నిద్ర ఉండేది కాదు. ఫారం రాకపోతే తక్కువ రేటుకీ అసలు రేటుకీ ఉన్న తేడా మొత్తం వీళ్ళ నెత్తి మీద పడేది. ఏడాది చివర్లో పోస్టుమ్యాన్ కోసం గుమ్మంలో నిలబడటం నాకు ఇంకా గుర్తు. పద్ధతి వేరే అయినా రీసేల్ సర్టిఫికెట్ వెనక ఉన్న భయం అదే. కాగితం లేకపోతే పన్ను అమ్మినవాడిది. రేపు మీ దగ్గర ఎవరైనా పది చీరలు కొని "నేనూ అమ్ముకుంటాను, ట్యాక్స్ వేయకండి" అంటే, స్నేహితురాలైనా సరే, ఆ ఫారం తీసుకున్నాకే వదిలేయండి.

ఆ సర్టిఫికెట్ అమ్మే సరుకుకి మాత్రమే. దాన్ని చూపించి ఇంటికి టీవీ కొన్న ఒకాయన లెక్కలు నేను సరిచేయాల్సి వచ్చింది. తెలిసి అలా ఇవ్వడం నేరం, ఆ హెచ్చరిక ఫారం మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇంకోటి చాలామందికి తట్టదు. వరలక్ష్మీ వ్రతానికి స్టాకులోంచి ఒక పట్టుచీర తీసి మీరే కట్టుకున్నారు, ఇంకోటి మీ ఆడపడుచుకి పెట్టారు. తప్పేమీ లేదు, కానీ ఆ రెండు చీరలు ట్యాక్స్ కట్టకుండా కొన్నవి. ఇప్పుడు వాటిని చివరిగా వాడుకున్నది మీరే. కాబట్టి మీరు కొన్న ధర మీద ట్యాక్స్ మీరే కట్టాలి. గడువుకొకసారి రాష్ట్రానికి పంపే రిపోర్టులో మూడు గళ్ళు ఉంటాయి: మొత్తం అమ్మకాలు, ట్యాక్స్ పడే అమ్మకాలు, ట్యాక్స్ పడే కొనుగోళ్ళు. ఆ మూడో గడి ఇలాంటి వాటికే. ఏళ్ళ తరబడి అందులో సున్నా కనిపిస్తే ఆడిట్ చేసేవాళ్ళు ముందు దాని గురించే అడుగుతారు.

మీరే స్వయంగా ఎడిసన్ వెళ్ళి నగలు చేతికి తీసుకుంటే అది న్యూజెర్సీలో జరిగిన అమ్మకం. బయటి రాష్ట్రాల వ్యాపారుల కోసం వాళ్ళకి వేరే ఫారం ఉంది, అది అడిగి నింపండి. ఇండియా నుంచి నేరుగా తెప్పించుకునే సరుకు మీద కస్టమ్స్ సుంకం పూర్తిగా వేరే విషయం, దాన్ని ఇందులో కలపకండి.

వేటి మీద వేయాలి

టెక్సస్‌లో బట్టలకి మామూలు రోజుల్లో మినహాయింపు లేదు. ఆగస్టులో బడులు తెరిచే ముందు ఒక వారాంతం 100 డాలర్ల లోపు బట్టల మీద సెలవు ఇస్తారు, అంతే. నగల మీద ఆ రోజుల్లో కూడా పడుతుంది. ఫాల్, పీకో, బ్లౌజ్ కుట్టుకూలి విడిగా రాసినా ట్యాక్స్ పడుతుంది. సేవల మీద ఇక్కడ పన్ను ఉండదనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు. షిప్పింగ్ కూడా అంతే. 120 డాలర్ల చీరని 10 డాలర్ల పోస్టేజీతో హ్యూస్టన్ పంపితే ట్యాక్స్ 130 మీద వేయాలి, అంటే 10 డాలర్ల 73 సెంట్లు. కాలిఫోర్నియాలో కొరియర్‌కి అయిన ఖర్చుని బిల్లులో విడిగా చూపిస్తే దానిమీద వేయరు. మీ స్నేహితురాలు చెప్పింది బహుశా అదే.

పచ్చళ్ళు, పొడులు కూడా మొదలుపెడదామనుకుంటున్నానని చివర్లో రాశారు. సీసాల్లో పెట్టి అమ్మే ఆహార పదార్థాల మీద టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు. వేడివేడిగా వడ్డించే బిర్యానీ, కేటరింగ్ అయితే పడుతుంది. ఇంట్లో వండి అమ్మడానికి కాటేజ్ ఫుడ్ చట్టం వేరే ఉంది, లేబుల్ మీద ఏం రాయాలి, ఏవి అమ్మకూడదు అన్నది అందులో చూసుకోవాలి. ట్యాక్స్ లేదు కాబట్టి లైసెన్సు గొడవ కూడా లేదనుకోకండి.

రిపోర్టులు, గడువులు

అప్లికేషన్ కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లోనే నింపొచ్చు. "మీ తరఫున మేం తీసుకుంటాం" అని వంద, రెండు వందలు అడిగే సైట్లు గూగుల్‌లో పైన కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్ళకండి. కొందరిని మాత్రం బాండ్ (పన్ను కడతామన్న హామీ) ఇవ్వమని అడగొచ్చు. పర్మిట్ రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి మేళా తేదీ దగ్గర పడేదాకా ఆగకండి. వచ్చాక స్టాల్‌లో అందరికీ కనిపించేలా పెట్టుకోండి.

మూడు నెలలకోసారా, నెలనెలా, ఏడాదికోసారా అన్నది మీ అమ్మకాన్ని బట్టి వాళ్ళే ఉత్తరంలో చెప్తారు. మీలాంటివాళ్ళకి ఎక్కువగా మూడు నెలలకోసారి వస్తుంది. అప్పుడు గడువులు ఏప్రిల్ 20, జూలై 20, అక్టోబర్ 20, జనవరి 20. ఆ తేదీ శని, ఆదివారాల్లోగానీ సెలవు రోజున గానీ పడితే తర్వాతి పనిదినం. వెబ్‌ఫైల్ అనే వాళ్ళ సైట్‌లోనే నింపి, బ్యాంకు నుంచే కట్టొచ్చు. టైముకి కట్టినవాళ్ళకి కట్టాల్సిన దాంట్లో అర శాతం వదిలేస్తారు. వెయ్యి డాలర్లకి 5 డాలర్లు. చిన్నదే, కానీ ఆ మొత్తం చట్టప్రకారం మీది.

ఆలస్యమైతే లెక్క ఇలా ఉంటుంది. రిపోర్ట్ ఆలస్యానికి 50 డాలర్లు. 30 రోజుల లోపు ఆలస్యానికి పన్ను మీద 5 శాతం, 30 రోజులు దాటితే 10 శాతం. 61వ రోజు నుంచి వడ్డీ మొదలవుతుంది. 400 డాలర్లు కట్టాల్సినవాళ్ళు నలభై రోజులు ఆలస్యం చేస్తే 50, మరో 40 కలిపి 90 డాలర్లు ఎక్కువ కడతారు.

ఒక్క చీర కూడా అమ్మకపోయినా సున్నా రిపోర్ట్ పంపాలి. దీని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. నా దగ్గరికి వచ్చిన ఒక జంట సంగతి చెప్తాను. భార్య నగలు అమ్ముదామని పర్మిట్ తీసుకుంది. ఇంతలో పాప పుట్టింది, వ్యాపారం మొదలే కాలేదు. అపార్ట్‌మెంట్ మారారు, అడ్రస్ మార్చలేదు. ఏడాది తర్వాత పాత ఇంటివాళ్ళు ఉత్తరాల కట్ట తెచ్చి ఇచ్చారు. రిపోర్ట్ రాకపోతే రాష్ట్రం ఊరుకోదు, మీరు ఇంత అమ్మి ఉంటారని ఒక అంచనా వేసి ఆ మొత్తానికి నోటీసు పంపుతుంది. నాలుగు నోటీసులు చూసి ఆ అమ్మాయి వణికిపోయింది. మేం నాలుగు సున్నా రిపోర్టులు పంపాం, అంచనా మొత్తాలు పోయాయి. నాలుగు యాభైలు, 200 డాలర్లు మిగిలాయి, అవి కట్టేసి పర్మిట్ మూసేశాం. ప్రతి మూడు నెలలకీ ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే ఆ రూపాయి కూడా పోయేది కాదు. వ్యాపారం ఆపేస్తే పర్మిట్‌ని అలా వదిలేయకండి, చివరి రిపోర్ట్ పంపి ఖాతా మూయించండి.

బిల్లులు, కొన్న రసీదులు, రీసేల్ ఫారాలు నాలుగేళ్ళు దాచాలి. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లని అక్కడే వదిలేస్తే ఫోన్ మార్చినప్పుడు పోతాయి. తేదీ, ఊరు, ధర, ట్యాక్స్, షిప్పింగ్ అని ఐదు గళ్ళతో ఒక ఎక్సెల్ షీటు మొదలుపెట్టండి. "ఊరు" అన్న గడి ఎందుకంటే, తర్వాతి సంగతి దాని గురించే.

బయటి రాష్ట్రాలకి పంపినప్పుడు

ఫ్రిస్కో నుంచి అట్లాంటాకి పార్శిల్ పంపితే టెక్సస్ ట్యాక్స్ వేయక్కర్లేదు. పోస్టల్ రసీదు దాచుకోవాలి, మొత్తం అమ్మకాల గడిలో చూపించి ట్యాక్స్ పడే గడిలో వదిలేయాలి. మరి జార్జియాకి కట్టాలా? 2018 జూన్ 21కి ముందు, ఆ రాష్ట్రంలో మీకు షాపో గోడౌనో మనిషో లేకపోతే అక్కడి ట్యాక్స్ వసూలు చేయమని మిమ్మల్ని అడగలేకపోయేవాళ్ళు. ఆ రోజు సౌత్ డకోటా, వేఫేర్ అనే కంపెనీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని తీసేసింది. అమ్మకాలు బాగా ఉంటే చాలు, అక్కడ కాలు పెట్టకపోయినా ట్యాక్స్ వసూలు చేయాలి. ఎక్కువ రాష్ట్రాల్లో ఆ గీత ఏడాదికి లక్ష డాలర్లు, కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట 5 లక్షలు. కొన్ని చోట్ల ఆర్డర్ల సంఖ్య కూడా లెక్కేస్తారు. మీ అమ్మకాలకి ఇప్పుడే కంగారు లేదు, కానీ ఏ రాష్ట్రానికి ఎంత పంపారో షీటులో ఉంటే చాలు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో మామూలు బట్టల మీద ట్యాక్స్ లేదని కూడా గుర్తుంచుకోండి, నగల మీద ఉంది.

స్టాల్ మాత్రం వేరే. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలకి వేరే రాష్ట్రం వెళ్ళి మూడు రోజులు బల్ల వేసుకుని అమ్మారంటే ఆ మూడు రోజులూ మీరు అక్కడి వ్యాపారే. లక్ష డాలర్ల గీత మిమ్మల్ని కాపాడదు. ఆ రాష్ట్రంలో తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి, అక్కడి రేటు వేయాలి, అక్కడే కట్టాలి. మిషిగన్‌లో అయితే ఎక్కడైనా 6 శాతమే, కాలిఫోర్నియాలో ఊరిని బట్టి 7.25 నుంచి 10 దాటేదాకా ఉంటుంది. సభలకి ముందు నెలలో నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే.

ఎట్సీ, అమెజాన్ లాంటి వాటిలో అమ్మితే ట్యాక్స్ వాళ్ళే వసూలు చేసి కట్టేస్తారు. టెక్సస్‌లో 2019 అక్టోబర్ 1 నుంచి ఇదే పద్ధతి. అయినా టెక్సస్‌లో ఉండి అమ్ముతున్నారు కాబట్టి పర్మిట్, రిపోర్ట్ తప్పవు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో బేరమాడి జెల్‌లో డబ్బు తీసుకుంటే మీ బదులు ఎవరూ కట్టరు, అది పూర్తిగా మీ బాధ్యత.

గడిచిన ఎనిమిది నెలలు

అప్లికేషన్‌లో వ్యాపారం మొదలుపెట్టిన తేదీ అడుగుతారు. చాలామంది ఆ రోజు తేదీ వేసేస్తారు. అలా వేయకండి. మేళాల ఫొటోలు, పేమెంట్లు అన్నీ తేదీలతో సహా ఉంటాయి, పైగా రిపోర్టే పంపని కాలానికి ఇన్నేళ్ళే వెనక్కి వెళ్ళాలన్న హద్దు కూడా లేదు.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది, నిజం తేదీ వేసి పర్మిట్ తీసుకుని, గడిచిన కాలానికి రిపోర్టులు పంపి, పన్నుతో పాటు జరిమానాలు కట్టేయడం. అమ్మకాలు తక్కువైతే ఇదే తేలిక. రెండోది, వాలంటరీ డిస్‌క్లోజర్ ఒప్పందం. కంప్ట్రోలర్ మిమ్మల్ని సంప్రదించకముందే మీ అంతట మీరే వెళ్ళి చెప్తే, మామూలుగా జరిమానా వదిలేస్తారు. పర్మిట్ తీసుకోకముందే అడగడం మంచిది, అందుకే మొదట్లోనే ఆగమన్నాను. ట్యాక్స్ అని వసూలు చేసి దగ్గర పెట్టుకున్న సొమ్ము ఉంటే మాత్రం అది మొత్తం కట్టాల్సిందే, దాంట్లో వెసులుబాటు ఆశించకండి. మీ ఎనిమిది నెలల మొత్తం ఐదారు వేల డాలర్ల లోపైతే నేను మొదటి దారే చెప్తాను, ఒప్పందానికి రాసే ఉత్తరాలకి అయ్యే ఖర్చే జరిమానా కంటే ఎక్కువవుతుంది.

ఇంకో సంగతి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర పన్నుల శాఖ. పర్మిట్ వచ్చిందంటే పని చేసే హక్కు వచ్చినట్టు కాదు. మీరు హెచ్4లో (హెచ్1బీ ఉద్యోగ వీసాలో ఉన్నవాళ్ళ భార్యకి లేదా భర్తకి ఇచ్చే వీసా) ఉండి ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) లేకపోతే చీరలు అమ్మడం ఇమిగ్రేషన్ దృష్టిలో పని కిందికే రావచ్చు. "మావారి పేరు మీద తీసుకుంటాం" అని చాలామంది అంటారు. ఆయన హెచ్1బీలో ఉంటే ఆ కంపెనీకి తప్ప వేరే పని చేయకూడదు, అది ఆయన వీసాకే ప్రమాదం. గ్రీన్‌కార్డు దగ్గర ఈ ప్రశ్న వచ్చి ఒక కుటుంబం ఎంత నలిగిపోయిందో దగ్గరగా చూశాను. ఈఏడీ ఉంటే సొంత వ్యాపారం చేసుకోవచ్చు. లేకపోతే పర్మిట్ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడండి, ఆ ఫీజు గురించి ఆలోచించకండి.

ఎల్ఎల్‌సీ తీసుకోవాలా అన్నది సేల్స్ ట్యాక్స్‌కి సంబంధం లేని ప్రశ్న. తీసుకుంటే ప్రతి ఏడాది మే 15కి రాష్ట్రానికి ఇంకో రిపోర్ట్ పంపాలి, ఫ్రాంచైజ్ ట్యాక్స్ (కంపెనీల మీద రాష్ట్రం వేసే పన్ను) ఏమీ రాకపోయినా సరే. ఈ సైజులో ఉన్నప్పుడు సొంత పేరు మీద మొదలుపెట్టడమే నాకు మంచిదనిపిస్తుంది. "శ్రీ" అనో "సిల్క్స్" అనో పేరు పెట్టుకుంటే కౌంటీ క్లర్క్ దగ్గర ఆ పేరు రాయించుకోండి.

మీరు ఒక్క విషయం రాయలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఎవరి దగ్గరైనా ట్యాక్స్ అని విడిగా డబ్బు తీసుకున్నారా, లేక అందరికీ చీర ధర మాత్రమే చెప్పారా? మొత్తం అమ్మకాలు సుమారు ఎంతో, అందులో టెక్సస్ లోపల ఎంతో కూడా రాయండి. పైన చెప్పిన రెండు దారుల్లో మీకు ఏది సరిపోతుందో అప్పుడు ఖచ్చితంగా చెప్పగలను.